స్మైల్ ప్లీజ్ అనడం మానేశాక

మేడం గారు మొదటిసారి మా స్టూడియోకి వచ్చింది పాస్‌పోర్ట్ ఫోటోలకి. ఎనిమిది కాపీలు కావాలన్నారు. చేతి అలవాటు కొద్దీ గెడ్డం కింద కాస్త చెక్కి, చెంప మీద పుట్టుమచ్చ చెరిపి, రంగు ఒక మెట్టు తేల్చి, ప్రింట్లు కవర్లో పెట్టి ఇచ్చాను. ఆవిడ కవర్ విప్పి చూసి, "నా మచ్చ ఏదండీ?" అన్నారు.

"తీసేశానండి, నీట్‌గా ఉంటుందని."

"అయ్యో, ఊరికే తీసేశారే! మా దగ్గరైతే దీనికి బిల్లు వేస్తాం" అని నవ్వి, మచ్చతో సహా మళ్ళీ ప్రింటు వేయించుకుని వెళ్ళారు. ఆవిడ గుంటూరులో ప్లాస్టిక్ సర్జన్ అని అప్పుడు తెలిసింది.

అది 2019. మరుసటి ఏడు లాక్‌డౌన్ వచ్చి, పెళ్ళిళ్ళు పాతిక మందితో, బావమరిది సెల్‌ఫోన్ ఫోటోలతో అయిపోయాయి. కరిజ్మా పెళ్ళి ఆల్బమ్ అడిగే నాథుడు లేడు. తెనాలిలో స్టూడియో షట్టరు సగం ఎత్తి కూర్చునేవాణ్ణి. 2021లో మేడమే ఫోన్ చేశారు. "మా డిపార్ట్‌మెంటులో ఫోటోలకంటూ మనిషి లేడండీ. పీజీ పిల్లలు ఎవరి ఫోన్లో వాళ్ళు తీస్తున్నారు. ఆపరేషన్ ముందు ఫోటోకీ తర్వాత ఫోటోకీ పొంతన ఉండటం లేదు. వారానికి నాలుగు రోజులు రాగలరా?"

ఒప్పుకున్నాను. పద్నాలుగేళ్ళు పెళ్ళిళ్ళు తీసినవాణ్ణి. జీలకర్ర బెల్లం పెట్టే అర నిమిషంలో, పురోహితుడి మోచేయి అడ్డం వస్తున్నా ఫోటో కొట్టినవాణ్ణి. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషి ముఖం తీయడం కూడా ఒక పనేనా అనుకున్నాను. ఆ పొగరు దిగడానికి మూడు నెలలు పట్టింది.

ఒకమ్మాయికి ముక్కు దూలం వంకర. చిన్నప్పుడు ఉయ్యాల బల్ల తగిలిందట. ఆపరేషన్ తెల్లవారి ఉదయం. ముందురోజు సాయంత్రం ఫోటో తీయాలి. మా గది తాళంచెవి ఎవరి దగ్గరుందో దొరకలేదు. ఏముందిలే అని వార్డులోనే, మంచం పక్కన నిలబెట్టి, పెళ్ళిళ్ళకి వాడే 24-70 జూమ్ లెన్సుతో తీసేశాను (ఆ అంకెలు మిల్లీమీటర్లు, తగ్గేకొద్దీ చూపు వెడల్పు, పెరిగేకొద్దీ దూరంది దగ్గరికొస్తుంది). నా వెనక గోడ ఉంది, వెనక్కి జరగడానికి లేదు. అందుకని లెన్సు 35 దగ్గర పెట్టి, అడుగున్నర దూరం నుంచి తీశాను. ముఖం ఫ్రేమ్ నిండా చక్కగా వచ్చింది. మూడు నెలల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు మా గదిలో, 105 లెన్సుతో, 5 అడుగుల నుంచి తీశాను. ఇది కూడా ఫ్రేమ్ నిండా వచ్చింది.

సోమవారం మీటింగులో రెండూ పక్కపక్కన తెర మీద వేశారు. పీజీలు "అబ్బ, ఎంత సన్నబడింది!" అన్నారు. నాకూ లోపల సంతోషమే. మేడం మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెవులు చూడండి" అన్నారు.

చూశాం. ముందు ఫోటోలో చెవులు చెంపల వెనక నక్కి ఉన్నాయి, ఉండీ లేనట్టు. తర్వాత ఫోటోలో రెండు చెవులూ నిండుగా బయటికి కనిపిస్తున్నాయి. "నేను ముక్కుకి చేశాను గానీ చెవులకి చేయలేదే?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "ఇందులో నా కత్తి చేసిందెంత, మీ లెన్సు చేసిందెంత? ఎలా చెప్పమంటారు?" అన్నారు.

తిట్టినా బాగుండేది. ముందు ఫోటో మళ్ళీ తీద్దామంటే ఆ ముక్కు ఇక లేదు. పెళ్ళిలో తలంబ్రాల ఫోటో తప్పితే కనీసం ఇంకోసారి పోయించి తీస్తాం.

ఇక్కడ లెన్సు అని అంటాం గానీ అసలు దొంగ దూరం. చెవి కంటే ముక్కు కొస కెమెరాకి నాలుగైదు అంగుళాలు ముందుంటుంది. అడుగున్నర దూరంలో కెమెరా పెడితే ముక్కు 18 అంగుళాల్లో, చెవి 23 అంగుళాల్లో ఉన్నట్టు. దగ్గరున్నది అంత మేరా పెద్దదవుతుంది. అదే 5 అడుగులు, అంటే 60 అంగుళాలు వెనక్కి వెళితే, 60కీ 65కీ పెద్ద తేడా ఉండదు. ముఖం ఉన్నది ఉన్నట్టు పడుతుంది. అంత దూరం నుంచి ఫ్రేమ్ నింపాలంటే 85 నుంచి 105 లోపు లెన్సు కావాలి. అమెరికాలో సర్జన్లు 2018లో దీన్ని లెక్క కట్టారని మేడం చెప్పారు. 5 అడుగుల నుంచి తీసిన దానితో పోలిస్తే అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ఓపీకి వచ్చే ఆడపిల్లలు ఫోన్ తీసి సెల్ఫీ చూపించి "నా ముక్కు లావుగా ఉందండీ" అంటుంటే ఇప్పుడు నాకే జాలేస్తుంది. వాళ్ళది ముక్కు జబ్బు కాదు, చెయ్యి పొడవు చాలని జబ్బు.

ఆ సాయంత్రమే నేల మీద టేపు అంటించాను. స్టూలు కాళ్ళకి నాలుగు గుర్తులు, ట్రైపాడ్‌కి 5 అడుగుల దగ్గర ఒక అడ్డగీత. 24-70ని ఇంటికి తీసుకుపోయాను. గదిలో 105 ఒక్కటే ఉంటుంది. తాళంచెవి నా మొలతాడుకి కట్టుకున్నంత పని చేశాను.

దూరం దారికి వచ్చాక లైటు మొదలైంది. స్టూడియోలో మేము లైటు ఒక పక్క నుంచి ఎక్కువ, ఇంకో పక్క నుంచి తక్కువ ఇస్తాం. ముఖంలో నీడ పడితేనే కదా కళ. అదే లైటుతో దవడ విరిగిన కుర్రాణ్ణి తీస్తే, లేని గుంట ఒకటి చెంప మీద పుట్టింది. ఇంకోసారి ఉన్న వాపు నీడలో కలిసిపోయింది. ఇక్కడ వెలుతురుని మెత్తబరిచే రెండు సాఫ్ట్‌బాక్సులు, చెరో పక్క 45 డిగ్రీల్లో, రెండూ ఒకే పవర్. లెన్సు రంధ్రం ఎఫ్ 11, షట్టరు సెకనులో 125వ వంతు, కాంతిని పట్టే ఐఎస్ఓ 100. ఏడాది పొడుగునా అంతే. ఎఫ్ 11 ఎందుకంటే ముక్కు కొస నుంచి చెవి దాకా అన్నీ స్పష్టంగా ఉండాలి. పెళ్ళికూతురికి కళ్ళు మాత్రం ఉంచి మిగతాదంతా మసకచేసే వేషాలు ఇక్కడ పనికిరావు. నా పెళ్ళి ఆల్బములు చూసినవాళ్ళకి ఈ ఫోటోలు చప్పగా ఉంటాయి. ఉండాలి కూడా.

వెనక తెరకి మొదట ఆపరేషన్ థియేటరు ఆకుపచ్చ గుడ్డ కట్టారు. దవడ అంచు మీద ఆ పచ్చ కొట్టి మనిషి పసరు తాగినట్టు కనిపించాడు. స్టూడియో నుంచి ఫ్లెక్సు తెస్తే మెరిసింది. చివరికి మెరుపు లేని నీలం గుడ్డ స్థిరపడింది. మన ఒంటి రంగుల్లో ఏ రంగైనా దాని ముందు విడిగా నిలుస్తుంది. మనిషికీ తెరకీ మధ్య మూడడుగులు వదిలితే నీడ వెనక పడదు. కిటికీ మూసేయాలి, ట్యూబ్‌లైటు ఆపేయాలి, బూడిద రంగు కార్డు పట్టించి ఒక ఫోటో తీసి వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం, సరిచేసుకోవాలి. కుట్ల మచ్చ ఎర్రదనం పోవడానికి ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ ఎరుపు ఎంత తగ్గిందన్నదే డాక్టరు చూసేది. నేను స్కిన్ టోన్ బాగుందని కాస్త వెచ్చగా మారిస్తే, మానుతున్న మచ్చ మానలేదనిపిస్తుంది.

తల నిలపడం అన్నిటికంటే తిప్పలు పెట్టింది. "గెడ్డం కొంచెం కిందికి, కొంచెం పక్కకి, ఆ, ఒకసారి నవ్వండి" అనేవి పద్నాలుగేళ్ళుగా నా నోట్లో మంత్రాలు. ఇక్కడ ఆ మాటలన్నీ నిషిద్ధం. గెడ్డం అంగుళం ఎత్తితే మెడ కింది కండ మాయమవుతుంది, దించితే గెడ్డం చిన్నదవుతుంది. కాబట్టి గీత ఒకటి పాటించాలి. చెవి రంధ్రం ముందు చిన్న బుడిపె ఉంటుంది చూడండి, అక్కణ్ణుంచి కంటి కింది ఎముక అంచుకి ఒక గీత ఊహించుకుంటే అది నేలకి సమంగా ఉండాలి. దీన్ని ఫ్రాంక్‌ఫర్ట్ గీత అంటారు. 19వ శతాబ్దంలో పుర్రెలు కొలిచే పండితులు జర్మనీలో ఆ ఊళ్ళో కూడి ఒప్పుకున్నది. గుంటూరులో ముఠా కూలీ ముఖం తీయడానికి అది పనికొస్తుందని వాళ్ళు అనుకుని ఉండరు.

ఎదురు ఫోటోలో రెండు కనుపాపలూ కెమెరాలోని అడ్డగీత మీద కూర్చోవాలి. అయితే కంటి గూడు విరిగి ఒక కన్ను కిందికి జారినవాళ్ళకి ఈ కొలత పెడితే వాళ్ళ కన్ను సరిగ్గానూ, తల వంకరగానూ వస్తుంది. వాళ్ళకి నేను తెర మీద వేలాడదీసిన తాపీమేస్త్రీ మట్టపుగుండు చూసుకుని నిలబెడతాను. పక్క ఫోటోలో అవతలి కనుబొమ్మ వెంట్రుక ఒక్కటి కూడా కనపడకూడదు. ముప్పావు ముఖంలో ముక్కు కొస అవతలి చెంప గీతని అంటాలి. ముక్కు రంధ్రాల కోసం కింది నుంచి తీసేదానికి, ముక్కు కొస కనుబొమ్మల మధ్యకి వచ్చేదాకా తల వెనక్కి వాల్చాలి. మెడ తిప్పమంటే ప్రతివాళ్ళూ మెడతో పాటు గెడ్డం కూడా ఎత్తేస్తారు. అందుకే తిరిగే స్టూలు కొన్నాం. మనిషి మొత్తం తిరుగుతాడు, మోకాళ్ళతో సహా.

తిరిగి ఎక్కడ చూడాలి? "అటు చూడండి" అంటే ఒకరు ఫ్యాను చూస్తారు, ఒకరు నన్ను చూస్తారు. దీనికి పరిష్కారం నా బుర్రలోంచి రాలేదు. నుదుటి బొట్టు కొన్ని ఫోటోలకి తీయించాలి. కన్ను దాన్ని చూసి అదే ముఖం మధ్య అనుకుంటుంది, బొట్టు పావు అంగుళం పక్కకి ఉంటే ముఖమే వంకరనిపిస్తుంది. ఆడవాళ్ళు స్టిక్కర్ తీసి ఎక్కడ పెడతారు? ఇంట్లో అద్దానికి అంటించినట్టే, చెయ్యి చాపినంత దూరంలో గోడకి అంటిస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు సగం మంది మర్చిపోతారు. ఒకరోజు చూస్తే గోడ మీద డజను బొట్లు, మెరూన్‌వి, నల్లవి, రాళ్ళవి. మా నర్సు నాగుపాము పడగలాంటి పొడుగు బొట్టు ఒకటి తీసి సరిగ్గా 90 డిగ్రీల దగ్గర, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో అంటించి, "అమ్మా, ఆ బొట్టు చూడు" అంది. ఆ రోజు నుంచి 45కి ఎర్ర బొట్టు, 90కి పాము బొట్టు. నేను కొనుక్కొచ్చిన అంకెల స్టిక్కర్లు డ్రాయరులోనే ఉన్నాయి.

బొట్టు తీయనన్నవాళ్ళూ ఉంటారు. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, రూపాయి కాసంత కుంకుమ. చెరపమంటే "ఆయన ఉండగా అదేం మాటయ్యా" అంది. నేను నసిగాను. మేడం వచ్చి, "ఉండనివ్వండి. రిజిస్టర్లో రాయండి కుంకుమతో తీశామని. మళ్ళీ వచ్చినప్పుడు కూడా అంతే సైజు పెట్టుకు రమ్మనండి, పెద్దమ్మా వింటున్నావా?" అన్నారు. ఆవిడ వింది. నాలుగు నెలల తర్వాత అంతే కుంకుమతో వచ్చింది, అదీ నాకు చూపించుకుని మరీ. ముక్కుపుడక విషయంలో మాత్రం బతిమాలుకుంటాం. ఫ్లాష్ తగిలితే అది మెరిసి ముక్కు రెక్క అంచుని తినేస్తుంది.

ఇక గ్రహణం మొర్రి పిల్లలు. పెదవి చీలి పుట్టిన పిల్లలకి సుమారు మూడో నెలలో మొదటి ఆపరేషన్ చేస్తారు. అంత చిన్నబిడ్డకి ఏ గీత చెప్తాం? ఏడిస్తే పెదవి సాగి చీలిక రెట్టింపు కనిపిస్తుంది. పాలు తాగి కునుకు పట్టిన పది నిమిషాలే మనకి దొరికేది. అంగిలి కూడా చీలిన పిల్లలకి పాలు పట్టడమే గంట పని, చీలిక వల్ల సరిగ్గా చప్పరించలేరు. కాబట్టి కాచుకుని కూర్చోవాలి. తల్లి రెండు చేతులతో తల పట్టుకుంటుంది, నేను ట్రైపాడ్ వదిలేసి ముందు ఎదురు, తర్వాత గెడ్డం వైపు నుంచి ముక్కు రంధ్రాలు తీస్తాను. తల్లి వేళ్ళు చెంపల మీద పడకూడదు, చెంప నొక్కితే పెదవి దగ్గరికొస్తుంది.

ఒక నాయనమ్మ ఫోటో వద్దని అడ్డం కూర్చుంది. కోడలు గ్రహణం రోజు కూరలు తరిగిందట, ఇప్పుడు ఫోటో తీస్తే దానికి తోడు దిష్టి. కోడలు తల వంచుకుని కూర్చుంది. గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు పెదవి ముక్కలు రెండు వైపుల నుంచీ వచ్చి అతుక్కుంటాయనీ, అవి అతకకపోతే ఇలా అవుతుందనీ, కత్తిపీటకీ దీనికీ సంబంధం లేదనీ మేడం చెప్పారు. నాయనమ్మ నమ్మిందో లేదో తెలియదు. కోడలు మాత్రం తలెత్తింది. "ఫోటో ఎవరికి చూపిస్తారు?" అని అడిగింది. మంచి ప్రశ్న. మా ఒప్పుకోలు కాగితంలో మూడు గళ్ళు ఉన్నాయి, తెలుగులోనే: వైద్యానికి, విద్యార్థులకి పాఠానికి, పత్రికలో వేయడానికి. దేనికి దానికి విడిగా సంతకం. ఆ అమ్మాయి మొదటి గడిలోనే పెట్టి కలం నాకు ఇచ్చేసింది. అలాగే ఉంది ఆ బిడ్డ ఫైలు ఈరోజుకీ.

కళ్ళ మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుంది కదా అని నేనూ అనుకునేవాణ్ణి. సరిపోదు. మన ఊళ్ళో మనిషిని నడక చూసి గుర్తుపడతారు, పెదవీ ముక్కూ చూసి గుర్తుపట్టరా? వైద్య పత్రికల సంపాదకులు కూడా కళ్ళు మూస్తే చాలదనే చెప్తారు. ఫైలుకి పేరు పెట్టం, నంబరే. నా ఫోన్లో పేషెంటు ఫోటో ఒక్కటి ఉండదు. మొదట్లో ఒక పీజీ "అన్నా, వాట్సాప్‌లో కొట్టు" అంటే కొట్టాను. అది వాళ్ళ ఫోన్ గ్యాలరీలోకి, అక్కణ్ణుంచి బ్యాకప్‌లోకి, బ్యాకప్ నుంచి వాళ్ళ ఇంట్లో టీవీ స్క్రీన్‌సేవర్‌లోకి వెళ్ళింది. భోజనాల దగ్గర ఆ పీజీ వాళ్ళమ్మ చూసి జడుసుకుందట. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చాక ఆస్పత్రి వాళ్ళు అందరికీ క్లాసు పెట్టారు గానీ, మాకు ఆ స్క్రీన్‌సేవరే పెద్ద క్లాసు.

అయినా దూరాభారం నుంచి వచ్చేవాళ్ళని కుట్టు చూపించడానికి ప్రతివారం రమ్మనలేం. మేడం కొందరిని ఇంటి దగ్గరే తీసి ఆస్పత్రి నంబరుకి పంపమంటారు. వాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. బ్యూటీ మోడ్ ఆపేయండి, అది కుట్లని కూడా నున్నగా చేస్తుంది. ముందు కెమెరా వద్దు, వెనక కెమెరాతో ఇంకొకరి చేత తీయించుకోండి. నాలుగైదు అడుగులు వెనక్కి నిలబడి, ఫోన్లో 2ఎక్స్ నొక్కి తీయమనండి. పగటిపూట, వరండాలో నీడపట్టున, ముఖం వెలుతురు వైపు ఉండాలి. ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపితే చెడిపోకుండా వస్తుంది. ఇంత చెప్పినా ఫ్లాష్ వేసి, మంచం మీద పడుకోబెట్టి, పైనుంచి తీసి పంపేవాళ్ళు ఉండనే ఉన్నారు. పడుకుంటే చెంపలు చెవుల వైపు జారతాయండీ, అది వేరే ముఖం.

మూతి వంకర పోయిన ఒకాయన గురించి చెప్పి ఆపుతాను. బస్సు డ్రైవరు, యాభై దాటాయి. తెల్లవారుజామున కిటికీ పక్క నిద్రపోయాడట, లేచేసరికి కుడివైపు ముఖం పడిపోయింది. గాలి సోకిందని ఆకు పసరు పోయించుకుని, పక్షవాతమేమోనని భయపడి, చివరికి ఆస్పత్రికి చేరాడు. ముఖం నరం పనిచేయడం లేదన్నారు. నేను మామూలుగా ఎదురు, పక్కలు తీసి పంపించాను. మేడం వెనక్కి పంపారు. "మెదలని ముఖంలో నరం జబ్బు ఏం కనిపిస్తుందండీ? మెదిలించి తీయండి."

ఏడు ఉంటాయి. ఊరికే ఉండటం, కనుబొమ్మలు ఎత్తడం, కళ్ళు మెల్లగా మూయడం, గట్టిగా మూయడం, ముక్కు చిట్లించడం, ఈల వేసినట్టు పెదవులు ముడవడం, పళ్ళు కనపడేలా నవ్వడం. 1985 నుంచి డాక్టర్లు హౌస్-బ్రాక్‌మన్ అని ఒకటి నుంచి ఆరు దాకా మెట్లు వేస్తున్నారు. ఏ మెట్టు అన్నది ఈ కదలికలు చూసే చెప్తారు. పద్నాలుగేళ్ళుగా ప్రతివాళ్ళనీ నవ్వండి నవ్వండి అని చంపినవాణ్ణి, ఆయన్ని ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. "పళ్ళు చూపించండి బాబాయ్" అన్నాను. ఎడమ పక్క నవ్వు, కుడి పక్క గోడ. కుడి కన్ను మూయమంటే రెప్ప సగం దిగి ఆగిపోయి, నల్లగుడ్డు పైకి తిరిగింది. అది తీసేటప్పుడే నా చేతిలో క్లిక్ చప్పుడు పెద్దగా వినిపించింది.

నెలకోసారి వచ్చేవాడు. అదే టేపు, అదే ఎత్తు, అవే ఏడు. మూడోసారికి కన్ను మూతపడింది. అయిదోసారి వచ్చినప్పుడు నేను లైట్లు వేసి తిరిగేసరికి, స్టూలు గుర్తుల మీద సరిచేసుకుని కూర్చుని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తనే మొదలుపెట్టాడు. నేను ఒక్క మాట చెప్పలేదు. కనుబొమ్మలు, కళ్ళు, ముక్కు, ఈల. ఈలకి నిజంగానే చప్పుడు వచ్చింది, చిన్నది. దానికి ఆయనే తుళ్ళిపడి నవ్వేశాడు, తల వెనక్కి వాలిపోయింది, ఫ్రాంక్‌ఫర్ట్ గీత ఎటు పోయిందో. నా వేలు అప్పటికే నొక్కేసింది.

"అది లెక్కలోకి రాదు బాబాయ్, తల నిలిపి మళ్ళీ ఒకసారి" అన్నాను.